మావయ్య తెప్ప సర్దుడు: వేట ఆగిన రోజుల్లో రాసుకున్న పని డైరీ

ఏప్రిల్ మూడో వారం

15న వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఇంజిన్ ఉన్న ఏ పడవా సముద్రంలో వేటకి వెళ్ళకూడదు. 2015కి ముందు ఈ నిషేధం 47 రోజులే ఉండేది, ఇప్పుడు 61. ఆ పెరిగిన రెండు వారాలంటే మావయ్యకి ఇప్పటికీ చిరాకే. నాకు మాత్రం ఈసారి అవి బాగా కలిసొచ్చాయి, ఎందుకంటే మామూలు రోజుల్లో ఆ తెప్పలో ఒక్క సామాను కూడా కదపనివ్వడు.

అంతర్వేది పల్లిపాలెం దగ్గర పాయ ఒడ్డున కొబ్బరిచెట్ల నీడలోకి తెప్పని లాగి పెట్టాం. 28 అడుగుల ఫైబర్ తెప్ప, వెనక పది హెచ్‌పీ డీజిల్ ఇంజిన్, పొడుగు షాఫ్టు. మావయ్య, బావ ఇద్దరూ రోజూ వెళ్తారు, పని లేనప్పుడు నేనూ ఎక్కుతాను. నా అసలు పని రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మిషన్లు), మోటార్లు రిపేరు చేయడం. ఉప్పునీళ్ళలో ఏ ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుందో బాగానే తెలుసు కాబట్టి ఈ పని నెత్తిన వేసుకున్నాను.

మొదటి పని, మొత్తం ఖాళీ చేయడం. ఒక పెద్ద టార్పాలిన్ పరిచి, తెప్పలో ఉన్న ప్రతి వస్తువూ దాని మీద పెట్టాం. ఏం వచ్చాయో రాస్తే నవ్వుతారు: మూడు రకాల వలలు, ఇంకో రెండు వలల చిరుగులు, ఎవరిదో తెలియని తెడ్డు, రెక్క విరిగిన పాత ఫ్యాన్లు (ఇంజిన్ షాఫ్టు చివర నీళ్ళలో తిరిగేవి) రెండు, ఎండిపోయిన గ్రీజు డబ్బాలు, ఒంటి చెప్పులు (జత ఒక్కటీ లేదు), థర్మోకోల్ ముక్కలు సంచీడు, పనిచేయని టార్చిలైట్లు, ముడి విప్పడానికి వీల్లేని తాళ్ళు, అడుగున ఎక్కడో బురదలో ఇరుక్కున్న స్పానర్. ఆ స్పానర్ కోసం బావ నన్ను ఏడాది నుంచి అనుమానిస్తున్నాడు.

మూడు కుప్పలు చేద్దామన్నాను. రోజూ పడవలో ఉండాల్సినవి ఒకటి, కాలాన్ని బట్టి ఎక్కించేవి ఒకటి, ఇక ఎక్కకూడనివి ఒకటి. మావయ్య చూసి చూసి నాలుగో కుప్ప పెట్టాడు. దాని పేరు "చూద్దాం". మిగతా మూడిటికంటే అదే ఎత్తుగా తయారైంది.

ఎక్కకూడని కుప్పని చేపలు తూచే కాటా మీద పెడితే క్వింటాలుకి కొంచెం తక్కువ వచ్చింది. అంటే ఇన్నాళ్ళూ ఒక మనిషి కంటే ఎక్కువ బరువుని ఊరికే డీజిల్ పోసి తిప్పుతున్నాం. మావయ్య ఏమీ అనలేదు గానీ "చూద్దాం" కుప్పలోంచి రెండు వస్తువులు తనే తీసి ఇటు పడేశాడు.

ఏప్రిల్ ఆఖరు

అడుగు కడిగాం. రాయడానికి పెద్దగా ఏమీ లేని పని, చేయడానికి మాత్రం ముక్కు మూసుకోవాలి. పొలుసు, బురద, డీజిల్ కలిసి జిగురులా అంటుకుపోయి ఉన్నాయి. సబ్బునీళ్ళు, కొబ్బరిపీచు, తర్వాత బోరు నీళ్ళతో కడుగుడు.

కడిగాక ఒక సంగతి బయటపడింది. తెప్ప అడుగున అడ్డపట్టీలు ఉంటాయి కదా, వాటి కింద నీళ్ళు వెనక్కి పారడానికి కన్నాలు ఉంటాయి. అవన్నీ వల దారాలతో, థర్మోకోల్ పొట్టుతో పూడిపోయాయి. అందుకే ఎంత తోడినా ముందు భాగంలో నీళ్ళు అలాగే ఉండిపోయేవి. బరువు ఒక్కటే అయితే పర్వాలేదు, అసలు ఇబ్బంది అది కదలడం. అల వచ్చి తెప్ప ఒక పక్కకి ఒరిగితే అడుగు నీళ్ళన్నీ ఆ పక్కకే పరిగెత్తి ఇంకా ఒరిగేలా చేస్తాయి. నిలకడగా ఉన్న యాభై కిలోల ఐస్ కంటే అటూ ఇటూ కొట్టుకునే యాభై లీటర్ల నీళ్ళు ఎక్కువ ప్రమాదం. కన్నాలన్నీ తీగతో పొడిచి శుభ్రం చేశాం, ఇంజిన్ ముందు నీళ్ళు చేరే చోట తోడుకునే డబ్బాని తాడుతో కట్టేశాం. ఆ డబ్బా ఎవరూ దేనికీ వాడకూడదని బావ దాని మీద పెయింటుతో పెద్ద గుర్తు పెట్టాడు, మర్నాడే అత్త దాంతో కోళ్ళకి నీళ్ళు పెట్టింది.

మే మొదట్లో

వలలు. అసలు పనంతా ఇక్కడే.

ఏది ఎక్కడ పెట్టాలో నేను ఒక కాగితం మీద గీసుకొచ్చాను. మావయ్య దాన్ని తిరగేసి చూసి, "ఇందులో వల ఎక్కడ నించి లాగుతామురా అబ్బాయ్?" అన్నాడు. అక్కడితో ఆ కాగితం పని అయిపోయింది. ఆయన చెప్పింది ఇదీ: పడవలో ముందుగా చోటు వలకి ఇవ్వాలి, వల దిగే పక్కన, వల ఎక్కే పక్కన ఏమీ ఉండకూడదు, మిగిలిన చోటులో మనం, మన సామాను. ఆ మాట నుంచే మిగతా సర్దుడంతా నడిచింది.

మాకు ఉన్నవి మూడు. సముద్రంలో వేసే నరం వల (సన్నటి నైలాన్ పోగుది), రొయ్యలకి వేసే మూడు పొరల డిస్కో వల, వరద వచ్చాక గోదావరిలో వేసే పులస వల. మూడూ ఏడాది పొడుగునా తెప్పలోనే పడి ఉండేవి. ఇకమీదట ఆ కాలానికి పనికొచ్చేది ఒక్కటే తెప్పలో, మిగతావి ఇంటి దగ్గర. ఇంట్లో కింద పెడితే ఎలకలు కొరికేస్తాయి, అందుకని వంటపాక దూలానికి వేలాడదీశాం. ఎండ తగలకూడదు, నైలాన్‌కి ఎలక ఎంత శత్రువో ఎండ అంత శత్రువు, పైకి బాగానే కనిపిస్తుంది గానీ పోగు పట్టుకుని లాగితే పుటుక్కుమంటుంది. తెప్పలో ఉన్న వల మీద కూడా టార్పాలిన్ కప్పడం మొదలుపెట్టాం.

సంచులు నేను తెచ్చాను. రొయ్యల మేత వచ్చే ప్లాస్టిక్ గోతాలు చెరువుల దగ్గర ఎన్నయినా దొరుకుతాయి. రెండేసి కలిపి కుట్టి, అడుగున నీళ్ళు కారడానికి కన్నాలు పెట్టి, మూతికి తాడు వేశాం. ఏ సంచిలో ఏ వల ఉందో రాద్దామనుకున్నాను గానీ తెల్లవారుజామున మూడింటికి చీకట్లో ఎవరు చదువుతారు? మూతి తాడుకి ముడులు వేశాం. ఒక ముడి నరం వల, రెండు ముడులు డిస్కో, మూడు ముడులు పులస. చేత్తో తడిమితే తెలిసిపోతుంది.

తెప్పలో వల పేర్చే తీరు మాత్రం మావయ్యదే, నేను ముట్టుకోలేదు. బెండ్ల తాడు (వలని తేల్చేది) ముందు వైపు, గుళ్ళ తాడు (బరువుకి ముంచేది) వెనక వైపు, మధ్యలో వల వదులుగా. రెండు తాళ్ళూ ఒకదాని మీదకి ఒకటి రాకూడదు, వస్తే వల దిగేటప్పుడు బెండు వెళ్ళి కన్నులో దూరుతుంది, ఇక అక్కడే కూచుని విప్పుకోవాలి. వల దిగే అంచు పొడుగునా చెయ్యి తిప్పి చూశాను, పొడుచుకొచ్చిన బోల్టు తలలు, విరిగిన క్లాంపు, ఫైబర్ పెచ్చు, అన్నీ వలని పట్టుకునేవే. బోల్టులు కోసి, పెచ్చులు గీకి, వీల్లేని చోట సైకిల్ ట్యూబు చుట్టాం. ఈ ఒక్క పనికి పెట్టిన ఖర్చు సున్నా, లాభం మాత్రం మిగతా అన్నిటికంటే ఎక్కువ అని నా లెక్క.

చిరుగు వలల్లో ఒకటి అత్త బీరపాదుకి పట్టుకెళ్ళింది, ఇంకొకటి కోడిపిల్లల మీద గద్దలు వాలకుండా కట్టింది. మిగిలిన పీలికలు పాత సామాను వాడికే ఇవ్వాలని గట్టిగా చెప్పాను. పాయలో పారేస్తే నరం వల కుళ్ళదు, ఎక్కడో మడచెట్ల వేళ్ళకి చుట్టుకుని మనిషి లేకుండానే చేపల్ని, పీతల్ని పడుతూ ఉంటుంది. ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు కూడా ఇలాంటి పీలికల్లోనే చిక్కుకుంటాయి.

మే రెండో వారం

తాళ్ళు, లంగరు.

తాళ్ళ కుప్పలో ఏది నైలానో ఏది పాలీప్రొపిలీనో రంగు చూసి చెప్పలేం, దుకాణాల వాళ్ళు కూడా ఒక్కోసారి తప్పు చెప్తారు. బకెట్ నీళ్ళలో చిన్న ముక్క వేస్తే తెలిసిపోతుంది. తేలితే పాలీప్రొపిలీన్, మునిగితే నైలాన్. ఇది తెలుసుకోవడం ఎందుకంటే రెండిటి పనులు వేరు. లంగరుకి నైలాన్ ఉండాలి, అది మునుగుతుంది, పైగా సాగుతుంది, అల లాగినప్పుడు ఆ కుదుపంతా తాడే తీసుకుంటుంది. బెండ్ల తాడుకి, బోయాకి తేలే తాడు. మాది సరిగ్గా తిరగేసి ఉంది. లంగరుకి కట్టిన తేలే తాడు వదులయినప్పుడల్లా నీళ్ళ మీద పాములా తిరుగుతూ ఫ్యానుకి చుట్టుకునేది, మావయ్య ఫ్యాన్లు రెండు విరగడానికి అదీ ఒక కారణం అనుకుంటాను. ఆయన మాత్రం ఇసుక మేట అంటాడు.

ఆ మేటల గురించి కొంచెం చెప్పాలి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగ ఒక చోట నిలవదు. నది తెచ్చిన ఇసుకా అలలు తోసిన ఇసుకా కలిసి మేటలు వేస్తాయి, పోయిన ఏడాది లోతున్న దారి ఈ ఏడాది మోకాలి లోతు. పాటు నీళ్ళు (సముద్రం తీసినప్పుడు నదిలోంచి దిగేవి) బయటికి వస్తుంటే సముద్రపు అల లోపలికి వస్తుంది, రెండూ మేట మీద కొట్టుకున్న చోట అల నిలువుగా లేచి విరుగుతుంది. పోయిన చలికాలం సరిగ్గా అక్కడ ఇంజిన్ ఆగింది. లంగరు వెయ్యాలి. లంగరు మీద వల, వల మీద ఐస్ పెట్టె మూత, దాని మీద నీళ్ళ క్యాను, చుట్టూ తాడు. బావ అవన్నీ లాగి తీసేలోపు తెప్ప అలకి అడ్డం తిరిగిపోయింది. మావయ్య గడ దింపి ముక్కుని అలకి ఎదురు తిప్పి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. గడ అందేంత లోతే కాబట్టి కూడా.

అందుకని ఇప్పుడు లంగరుకి ముందు భాగంలో ప్రత్యేకంగా చోటు. రొయ్యలు ఎత్తే ప్లాస్టిక్ ట్రే ఒకటి తెచ్చి, అడుగున పాత గోనెపట్టా వేసి, అందులో తాడు పోశాం. పోశాం అనే రాస్తున్నాను, చుట్ట చుట్టలేదు. చుట్ట చుట్టి పెట్టిన తాడు దిగేటప్పుడు మెలిక పడుతుంది. ఊరికే పై నుంచి మూర మూర జారవిడిచి ట్రే నింపితే చివరి మూర దాకా ఎక్కడా ఆగకుండా వెళ్తుంది. కొస మాత్రం ముందే తెప్పకి కట్టెయ్యాలి, ఇది చెప్పక్కర్లేదు అనుకుంటాం గానీ కొస కట్టకుండా లంగరు విసిరిన వాళ్ళు మా రేవులోనే ఉన్నారు. లంగరు పక్కన నాలుగడుగుల గొలుసు, అది ఉంటే లంగరు అడుక్కి పడుకుని పట్టు దొరుకుతుంది. తాడు లోతుకి మూడింతలు ఎప్పుడూ, గాలి ఉన్నప్పుడు ఐదింతలకి పైగా వదలాలి, దాన్ని బట్టే పొడుగు కొన్నాం. నరసాపురం నుంచి గోదావరి దాటించే పంటు మీద మోసుకొచ్చాను, ఈ మొత్తం పనిలో పెద్ద ఖర్చు ఆ తాడే.

ఆ ట్రే మీద ఏదీ పెట్టకూడదు. టిఫిన్ క్యారియరు కూడా.

మే ఆఖరు, రోహిణి కార్తె

ఎండ మాడ్చేస్తోంది, పని ఉదయం తొమ్మిదిలోపే.

లైఫ్ జాకెట్లకి కొక్కేలు కావాలి. డ్రిల్లింగ్ మెషిన్ తీయగానే మావయ్య గొంతు లేచింది, "పడవకి కన్నం పెట్టేవాడిని నిన్నే చూశానురా." నీటి గీతకి చాలా పైన అని చెప్పినా వినలేదు. సరే అని పీవీసీ పైపు ముక్కల్ని సగానికి కోసి, ఫైబర్ మ్యాట్, రెజిన్‌తో లోపలి గోడకి అతికించాం. ఈ పని చేసేవాళ్ళకి ఒక్క జాగ్రత్త: రెజిన్ గట్టిపడటానికి వేసే హార్డెనర్‌నీ యాక్సిలరేటర్‌నీ ఎప్పుడూ నేరుగా కలపకూడదు, భగ్గుమంటుంది, పేలొచ్చు. ముందు రెజిన్‌లో యాక్సిలరేటర్ బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్. ఈ ఎండలో చాలా త్వరగా గట్టిపడిపోతుంది, అందుకే తెల్లారగట్ల, టీ గ్లాసుడు చొప్పున కలుపుకున్నాం. గీకినప్పుడు లేచే పొడికి ముక్కుకి గుడ్డ, చేతులకి నిండు చొక్కా లేకపోతే రాత్రంతా దురదే.

జాకెట్లు ఇంతకాలం ముందు అరలో వలల కింద ఉండేవి. నారింజ రంగు పోయి బూడిద రంగుకి వచ్చాయి, ఒకదాని బకిల్ ఊడింది. రెండు కొత్తవి కొన్నాం, మంచిగా ఉన్న పాతది మూడోది. కూర్చునే చోటు వెనకే వేలాడుతున్నాయి. మావయ్య వేసుకుంటాడా అంటే, వేసుకోడు. 1996 నవంబరు 6 తుపాను చూసిన మనిషి, ఆ రోజుల్లో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఎంతమంది వేటకెళ్ళి తిరిగిరాలేదో ఇప్పటికీ చెప్తాడు, అయినా జాకెట్ వేసుకుంటే వల లాగడానికి చేతులు ఆడవంటాడు. మొగ దాటేటప్పుడయినా వేసుకోమని అత్త చేత చెప్పించాను. అక్కడ మాత్రం "సర్లే" అన్నాడు.

కాగితాలు, అంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఆధార్ జిరాక్సులు, నీళ్ళు చొరని సంచిలో పెట్టి జాకెట్ల పక్కనే. కోస్ట్ గార్డ్ నంబరు 1554 తెప్ప లోపలి గోడ మీద పెయింటుతో రాశాం, ఫోన్లో సేవ్ చేసి ఉంది కదా అంటే, ఫోన్ ఎవరిదో, చార్జింగ్ ఉందో లేదో.

ఇంజిన్ సామాను నా చేతికి వదిలేశారు. మూత గట్టిగా పట్టే ఇరవై లీటర్ల పెయింట్ బకెట్, అందులో స్పానర్లు, ఫిల్టరు, బెల్టు, నాజిల్, వాషర్లు, హోస్ క్లిప్పులు, తీగ, టేపు. చిన్నవన్నీ బిస్కెట్ల ప్లాస్టిక్ డబ్బాలో. స్పానర్లకి నరం దారం కట్టి రెండో కొస బకెట్ చేతికి కట్టాను, చేతిలోంచి జారితే గోదావరిలో పడకుండా. మామూలు స్క్రూలు ఒక్క కార్తె కూడా ఆగవు, స్టెయిన్‌లెస్‌లో 316 గ్రేడు అని అడిగి తీసుకోవాలి, 304 కూడా ఉప్పు గాలికి మచ్చలు పడుతుంది. ఏరేటర్ల దగ్గర నేర్చుకున్న పాఠం ఇది. డీజిల్ క్యాన్లు ఇంజిన్ పక్కన, పట్టీ వేసి కట్టి. ఐస్ పెట్టెకి దూరంగా. చేపకి డీజిల్ వాసన పట్టిందంటే వేలంలో రేటు అక్కడే పడిపోతుంది.

ఐస్ పెట్టె మధ్యలో, వీలైనంత కిందకి. ఈ ఎండల్లో కిలో చేపకి కిలో ఐస్ కావాలి, అంటే పెట్టె నిండితే తెప్పలో అన్నిటికంటే బరువయిన వస్తువు అదే. ఎటు జరిగినా తెప్ప అటే వంగుతుంది. నీళ్ళ క్యాన్లు పెట్టి చూసి, ముందూ వెనకా నీటి గీత సమంగా వచ్చిన చోట అడుగున పట్టీలు అతికించాం, ఇక జరగదు.

జూన్ మొదటి వారం

సర్దడం అయింది, పని చేస్తుందా లేదా చూడాలి. అమావాస్య ముందు రోజు రాత్రి ఇంజిన్ వెయ్యకుండా తెడ్లతో పాయలోకి తీసుకెళ్ళాం. పందెం ఏమిటంటే, లైటు వెయ్యకూడదు, ఒకరు వస్తువు పేరు చెప్పాలి, ఇంకొకరు కూర్చున్న చోటు నుంచి ఒక్క చేత్తో అందుకోవాలి.

లంగరు, అందింది. తోడే డబ్బా, అందింది. జాకెట్, టార్చి, నీళ్ళు, అందాయి. కత్తి అనగానే బావ పెయింట్ బకెట్ మూత తిప్పడం మొదలుపెట్టాడు. మావయ్య నవ్వాడు. వల కాలికి చుట్టుకున్నప్పుడు మూత తిప్పే తీరిక ఎవరికి ఉంటుంది? ఆయన పాత పద్ధతి, కొబ్బరి డొక్కని తెప్ప అంచు లోపల తాడుతో బిగించి అందులో కత్తి గుచ్చడం. దాన్ని నేను మొదటి వారంలోనే చెత్త కుప్పలో వేశాను. కొత్త డొక్కలు రెండు కట్టాం, ముందొకటి వెనకొకటి, కత్తులు మాత్రం ఈసారి స్టెయిన్‌లెస్. మా ఊళ్ళో కొబ్బరి డొక్కకి కరువా, నానిపోతే ఇంకొకటి కట్టుకోవచ్చు.

గడ చోటు కూడా మారింది. నేను లోపల పడుకోబెట్టాను, మావయ్య బయటి అంచు మీద రెండు తాడు ఉచ్చుల్లో ఉంచమన్నాడు. ఎవరినీ దాటకుండా లాగొచ్చు.

జూలై

వేట మొదలయ్యాక కొన్ని ఆగాయి, కొన్ని ఆగలేదు. వల పక్కన ఏమీ పెట్టకూడదన్న మాట గట్టిగా నిలిచింది, ఎందుకంటే అది మావయ్యదే. లంగరు ట్రే కూడా నిలిచింది. ముడుల గుర్తు చూసి పక్క తెప్ప వాళ్ళు కూడా సంచులు అడిగారు, మేత గోతాలు తెచ్చిపెట్టాను. పెయింట్ బకెట్లోకి అప్పుడే బీడీ కట్ట, అగ్గిపెట్టె, ఎవరివో కళ్ళజోళ్ళు చేరాయి. జాకెట్లు మొగ దాటేదాకా, దాటాక మళ్ళీ కొక్కేనికి.

"చూద్దాం" కుప్ప పాక వెనకే ఉంది. వినాయక చవితి దాకా ఎవరూ అందులోంచి ఏదీ అడగకపోతే అమ్మేద్దామని ఒప్పందం. ఇప్పటిదాకా ఒక్క కప్పీ మాత్రం తిరిగి తెప్ప ఎక్కింది, అది నిజంగానే పనికొచ్చింది.

గోదావరికి ఎర్రనీరు తగిలింది, పులస వల దూలం మీంచి దింపాం. వరదలో గుర్రపుడెక్క, చెట్టు మొద్దులు కొట్టుకొస్తాయి, వాటిని తోసెయ్యడానికి గడ రెండోది కావాలి, దానికి ఎడమ పక్కన ఉచ్చులు కట్టాలి. డిస్కో వల ఉతికి ఆరేసి పైకి ఎక్కించాలి. ఐస్ పెట్టె మూతకి కీలు విరిగింది, ప్రస్తుతానికి సైకిల్ ట్యూబుతో లాగి కట్టాం, ఆదివారం నరసాపురం వెళ్ళినప్పుడు రెండు తేవాలి, 316వే.